పటిక, సున్నము, నల్లగొండ



సూర్యాపేట బస్టాండు ఎదుట టీకొట్టు బల్లమీద కూర్చుండియో, కోదాడ పొలముగట్టునుండి యింటికి మరలుచునో, మిర్యాలగూడలో బియ్యపుమిల్లు రొద కొంత సద్దుమణగిన వేళ రేడియో గొంతు పెంచియో ఈ ప్రసంగమును వినుచున్న మీకు మొదట ఒక చిన్న ప్రశ్న వేయుదును. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట వేరుజిల్లా అగునంతవరకు మన మూడు పట్టణములకును ఇంటిపేరువలె ఉండిన నల్లగొండ అను పేరు ఈ భూగోళముమీద ఎక్కడెక్కడ వినవచ్చుచున్నదో మీరెప్పుడైన ఆలోచించితిరా? తెలంగాణ సాయుధపోరాట చరిత్రను చదివినవారు ఆ పేరు నెరుగుట వింత కాదు. బియ్యపు వ్యాపారులు ఎరుగుట అంతకంటె వింత కాదు. కాని మన పోరాటమును గాని మన పంటను గాని ఎరుగని తూర్పు ఆఫ్రికాలో, టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశముల నీటి యింజనీర్ల కాగితములలో, ఆ పేరు ఒక పనిముట్టు పేరంత సహజముగా వాడుకలో నున్నదన్నచో మీలో చాలమంది సందేహింపవచ్చును. అచ్చటివారు ‘నల్గొండ’ అనునది ఒక ఊరని గాని, ఆ ఊరికొక కొండయు ఒక కోటయు కలవని గాని ఎరుగకయే, నీటిలోని విషమును విరుచు ఒక పద్ధతికి అది పేరని మాత్రము ఎరుగుదురు. ఆ కీర్తి మనకు మంచినీటివలన రాలేదు; చెడ్డనీటివలన వచ్చినది.

అంతర్జాతీయ సహకారమను మాట చెవిని పడగానే జెనీవా నగరములోని సభామందిరమో, వరుసగా నాటిన దేశదేశముల జెండాలో, విమానమునుండి దింపబడు గోధుమబస్తాలో మన కన్నులముందు కదలును. అవి లేవని కాదు. కరవు వచ్చినప్పుడు గోధుమ బస్తా ప్రాణము నిలుపును; దానిని చులకన చేయుట పాపము. అయినను ఆ చిత్రములో ఇచ్చువాని చేయి ఎల్లప్పుడు పైనను, పుచ్చుకొనువాని చేయి ఎల్లప్పుడు క్రిందను ఉండుట నాకు ఎన్నడును రుచింపలేదు. నాట్లకాలమున మన పల్లెలలో ఈ యింటివారు ఆ యింటి మడికి, ఆ యింటివారు ఈ యింటి మడికి బదులు పోవుదురు గదా. అందులో దాత ఎవరు, యాచకుడెవరు? దేశముల నడుమ అట్టి బదులు పని ఒకటి జరిగినది. అది ప్రారంభమైన పొలము మనదే గనుక, దానినిగూర్చి మనమే చెప్పుకొనుట న్యాయము.

మొదట వ్యాధి మాట. మన పడమటి మండలములలో, మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపున, గారపళ్లన్నను వంకరకాళ్లన్నను తెలియని యిల్లు ఒకప్పుడు అరుదు. నేను ఉపాధ్యాయుడనై ఆ వైపున కొన్ని సంవత్సరములు పనిచేసితిని. తరగతిలో ఏదైన హాస్యపుమాట వచ్చినప్పుడు పిల్లలు నవ్వుచు అరచేతితో నోరు మూసికొనుట చూచి, ఇది ఈ ఊరి మర్యాద కాబోలునని మొదటి వారము అనుకొంటిని. రెండవ వారమున ఒక బాలుడు పద్యము అప్పజెప్పుచుండగా అతని ముందుపళ్లమీద ఇటుకరంగు చారలు కనబడినవి. అప్పుడు గాని నాకు ఆ మర్యాద అర్థము కాలేదు. పళ్లది సిగ్గుతో పోవు బాధ. ఎముకలది అంతటితో పోదు. నడుము బిగిసి, మెడ తిరుగక, వెనుకనుండి పిలిచిన మనిషిని చూచుటకు దేహమంతయు త్రిప్పవలసిన వృద్ధులను అచ్చట చూచితిని. వృద్ధులంటిని గాని వారిలో కొందరికి నలువది యేండ్లు నిండలేదు.

దీనికి కారణము ఫ్లోరైడు. మన నేల గ్రానైటు రాతినేల. ఆ రాతిలోని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ యైన సీమలో నీరు రాతిపగుళ్లలో చిరకాలము నిలిచి, ఆ లవణమును కొంచెము కొంచెముగా కరగించుకొనును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడును హద్దుగా పెట్టినది. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామే మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చుననియు చెప్పుచున్నది. గల్లుప్పు రవ్వ యొకటి దానికంటె బరువుండును. రంగు లేదు, వాసన లేదు. తేటగా కన్నులకింపుగా ఉండు నీరే ఒక్కొక్కప్పుడు అత్యంత దుష్టమైన నీరు. మురికినీటిని కాచి త్రాగుడని వైద్యులు చెప్పుదురు. ఈ నీటిని కాచినచో ఆవిరి పోవును, ఫ్లోరైడు నిలుచును, అనగా మిగిలిన నీరు మరింత చెడును.

ఈ రహస్యమును విప్పిన కథ ఒక్క దేశమునకే చెందినది కాదు. అమెరికాలో కొలరాడో పర్వతప్రాంతమున ఒక దంతవైద్యుడు రోగుల గోధుమరంగు పళ్లను చూచి ఏండ్ల తరబడి కారణము వెదకెను. 1931లో ఒక రసాయనశాస్త్రజ్ఞుడు అది నీటిలోని ఫ్లోరైడేయని తేల్చెను. 1937లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్‌లో కాయ్ రోహోల్మ్ అను వైద్యుడు, క్రయొలైటు ఖనిజపు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలు బిరుసెక్కుటను వివరించుచు పెద్ద గ్రంథము ప్రకటించెను. సరిగా ఆ 1937లోనే మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు అధికారియైన షార్ట్, ఆయనతోపాటు పండిట్, రాఘవాచారి అనువారు, నెల్లూరు జిల్లా పల్లెలలో అదే వ్యాధి త్రాగునీటివలన వ్యాపించియున్నదని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్రాసిరి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనివి. అచ్చటి రైతులు, మనుష్యులకంటె ముందు తమ దుక్కిటెద్దులు కీళ్లు పట్టి కాడి మోయలేకపోవుటను గమనించిరి. లోకమునకు ఈ వ్యాధిని మొదట చూపినవారిలో తెలుగు రైతునకు చోటున్నదని నేనందును. అతని పేరు ఏ పత్రికలోను అచ్చుపడలేదు.

మన నల్లగొండ మాట 1945లో అదే గెజిట్‌లో దావర్ అను వైద్యుడు ఎత్తెను. ఆ సంవత్సరమే అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరములో, పళ్లు పుచ్చకుండుటకై, ఫ్లోరైడు చాలని నీటిలో దానిని కొలిచి కలుపుట ప్రారంభించిరి. ఒకచోట కొనితెచ్చి కలుపుకొనుట, ఇంకొకచోట వదలించుకొన దారి లేక కుములుట. భూదేవి పంపకములు ఇట్లే యుండును. పిమ్మట పదేండ్లకు హైదరాబాదు వైద్యుడు సిద్దీఖీ, నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగి, నరములు నలిగి, కాళ్లు చచ్చుబడినవారినిగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరముగా వ్రాసెను. ఆ సంచిక వెలువడినది 1955 డిసెంబరు 10వ తేదీ. ఆ తేదీ మనవారికి వేరొక కారణమున జ్ఞాపకముండవలెను: నందికొండ వద్ద జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినది ఆ దినమే. లండనులో రోగము అచ్చుపడిన దినముననే కృష్ణాతీరమున మందుకు పునాది పడినదని ఎవడైన కథలో వ్రాసినచో, ఇది మరీ అమర్చినట్లున్నదని నేనే ఆక్షేపించియుందును.

ఆ మందు అందరికిని అందలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినది మొదలు, లాల్ బహదూర్ కాలువయను ఎడమకాలువ పారిన మేరకు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు పచ్చబడినవి. కాలువకు ఎగువనున్న పడమటి ఊళ్లు, ఆనకట్టకు కూతవేటు దూరమున నున్నవి కూడ, ఎండినట్లే యుండినవి. దీపము క్రింద చీకటియనునది ఇదియే. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు మన జిల్లాలో యువకుల మోకాళ్లు లోపలికి వంగుటను గమనించి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అదే సంస్థవారు తరువాత జరిపిన పరీక్షలలో, వరియన్నము తినువారి దేహముకంటె జొన్నన్నము తినువారి దేహము ఫ్లోరైడును ఎక్కువగా పట్టియుంచునని తేలెను. అనగా కాలువనీరు అందినవానికి నీటితోపాటు వరియన్నపు రక్షణయు అందినది. అందనివానికి చెడునీరు, జొన్నరొట్టె రెండును కలిసి దెబ్బతీసినవి. చింతపండు ఆ విషమును మూత్రముద్వారా కొంత వెళ్లగొట్టునని కూడ అచ్చటివారే బాలురపై చేసిన ప్రయోగములలో కనుగొనిరి. మన పులుసులో ఇంత శాస్త్రమున్నదని మన పెద్దమ్మలకు తెలియదు. తెలిసియుండినచో కూరలో చింతపండు తగ్గించుమని అలిగిన మామగారికి తగిన సమాధానము దొరికియుండెడిది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. నాగపూరులో 1958లో స్థాపింపబడి, 1974నుండి ‘నీరి’ యను పొట్టిపేరుతో పిలువబడు జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ యింజనీర్లు, నవలాఖే మొదలగువారు, ఈ నీటిని పల్లెవాడు తన వాకిటిలో శుభ్రపరచుకొను ఉపాయము వెదకిరి. 1975లో వారు ప్రకటించిన వ్యాసమునకు పెట్టిన పేరే ‘నల్గొండ పద్ధతి’. అందులో వాడిన సరకులు రెండు: పటిక, సున్నము. సూక్ష్మజీవులను చంపుటకు చిటికెడు బ్లీచింగు పొడి మూడవది. పటిక మనకు క్రొత్త గాదు. మంగలి పొదిలో నుండును, దిష్టికి గుమ్మమున వ్రేలాడును. వానాకాలపు చెరువునీటిని తేర్చుటకు మన అవ్వలు కడవ అడుగున చిల్లగింజ అరగదీసినట్లే, పట్టణవాసులు పటిక త్రిప్పెడివారు. సున్నము చెప్పనక్కరలేదు, తాంబూలము వేసికొను ప్రతివాని గోటికిని తెలియును.

పని విధానము చూడుడు. ఒక పెద్ద బకెట్టునిండ బోరునీరు పట్టవలెను. దానిలోని ఫ్లోరైడు ఎంత, క్షారగుణమెంత యని ముందుగా పరీక్షించి, ఆ లెక్కకు తగిన మోతాదులో పటికద్రావణమును, కొంచెము సున్నమును పోయవలెను. కఱ్ఱతెడ్డుతో మొదట చురుకుగాను, పిదప మెల్లగాను కలుపవలెను. కొంతసేపటికి తేటనీటిలో విరిగిన పాల పలుకులవంటి తెల్లని పొరకలు పుట్టి, ఒకదానితో నొకటి చేరి, కొంత తడవు గిరగిర తిరిగి, బరువెక్కి అడుగునకు దిగును. పటికనుండి పుట్టిన ఆ పలుకులే ఫ్లోరైడును తమతో ఈడ్చుకొని పోవునవి. కలుపుట ఆపి గంటసేపు కదలనీయకుండ ఉంచినచో పైన తేట, క్రింద మడ్డి నిలుచును. బకెట్టు అడుగునకు కొంచెము పైన బిగించిన నల్లాద్వారా తేటను పట్టుకొని, మడ్డిని పారబోయవలెను. కరెంటు అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. కావలసినవి రెండు చేతులు, కొంత ఓపిక.

ఈ పద్ధతి సముద్రము దాటినది. ఆఫ్రికా తూర్పుభాగమున రిఫ్టు లోయ యను మహాబిలము కలదు; అగ్నిపర్వతములు కక్కిన రాతినేల అది; అచ్చటి నీటిలో ఫ్లోరైడు మన నీటికంటె కూడ అధికముగా ఉండు తావులున్నవి. టాంజానియాలో అరూషా పట్టణము చెంత మేరు పర్వతము కలదు. మన పురాణముల మేరువు కాదు, పేరు మాత్రము అదే. దాని చెంత పారు నొక యేటి పేరు ‘మాజీ యా చాయ్’, స్వాహిలీ భాషలో దానికి అర్థము చాయ నీళ్లని! చాయ్ అను మాటను వారును మనవలెనే పలుకుచున్నారు; ఆ యేటినీరు మాత్రము ఫ్లోరైడుతో నిండినది. వేరు నీరు చూపలేక ఆ దేశప్రభుత్వము చాలకాలము లీటరుకు 8 మిల్లీగ్రాముల వరకు గ్రామీణులు త్రాగవచ్చునని సెలవిచ్చినది. జెనీవాలో ప్రపంచ ఆరోగ్యసంస్థ 1.5 అని వ్రాసిన ప్రమాణము అరూషాలో 8 ఎట్లయినదని మీరడుగవచ్చును. దరిద్రము ప్రమాణములను కూడ సాగదీయును.

ఆ పర్వతపాదమున న్గుర్డోటో అనుచోట నీటినుండి ఫ్లోరైడును తొలగించు పరిశోధనకేంద్రము ఏర్పడినది. డెన్మార్కునుండి వచ్చిన ఏలీ దాహి యను ఇంజనీరు, స్థానిక పరిశోధకులతో కూడి, మన నల్గొండ పద్ధతిని అచ్చటి గుడిసెలకు తగినట్లు మార్చెను. ఆయన గమనించినది ఇది: రాత్రి కలిపి తెల్లవారువరకు ఒకే బకెట్టులో నుంచినచో, అడుగున పడిన మడ్డినుండి ఫ్లోరైడు కొంత మరల నీటిలోనికి వచ్చును. అందుచేత ఒకటికి బదులు రెండు బకెట్లు పెట్టిరి. మొదటిదానిలో ఒక నిమిషము వడిగా, అయిదు నిమిషములు మెల్లగా కలిపి, అరగంట తేరనిచ్చి, నల్లా త్రిప్పి గుడ్డద్వారా వడియకట్టి రెండవదానిలోనికి దింపుట. మడ్డి వెంటనే పోవును. తేట రెండవ బకెట్టులో మిగులును. మన అవ్వలు చల్లకుండను, వెన్నకుండను వేరు పెట్టినట్టి తెలివి ఇది. నాగపూరు యింజనీరు వ్రాసినదానిని డెన్మార్కు దేశస్థుడు, ఆఫ్రికా గృహిణి తెడ్డు పట్టిన తీరు చూచి, సవరించెను. నల్లగొండ నీరు దానికి పేరిచ్చెను. 1995లో న్గుర్డోటోలోను, 1997లో ఇథియోపియాలోని నజరేతులోను పలుదేశముల పరిశోధకులు చేరి ఈ అనుభవములను పోల్చిచూచుకొనిరి. 2006లో ప్రపంచ ఆరోగ్యసంస్థ త్రాగునీటి ఫ్లోరైడుపై ప్రచురించిన గ్రంథములో నల్గొండ పద్ధతికి ప్రత్యేకస్థానమిచ్చిరి.

ఇంతవరకు చెప్పి ఊరకుండినచో అది పొగడ్త యగును, ప్రసంగము కాదు. ఈ పద్ధతికి లోపములు కలవు. ఫ్లోరైడు మిక్కుటముగా నున్న నీటికి పటిక చాల పోయవలెను. పోసినకొలది నీటికి రుచి మారును. అల్యూమినియము కొంత మిగులును. మడ్డి నెక్కడ పారబోయవలెనను చిక్కు వచ్చును. ఎంత చేసినను కొన్ని తావుల ఫ్లోరైడు హద్దులోనికి దిగదు. అన్నిటికంటె పెద్ద లోపము పద్ధతిలోనిది గాదు, మనలోనిది. నేను పనిచేసిన ఊరిలో ఈ పద్ధతితో ఊరంతటికి నీరు తేర్చు కేంద్రమొకటి కట్టిరి. ప్రారంభోత్సవమునకు మామిడాకుల తోరణములు కట్టితిమి, పిల్లలచేత పాట పాడించితిమి. మూడవ సంవత్సరమునకు పటిక తేవలసిన బండి రాలేదు. కలుపువానికి జీతము రాలేదు. అయిదవ యేట దాని తొట్టిలో గేదెలకు కుడితి పోసిరి. కట్టుటకు డబ్బిచ్చువారు దొరకుదురు. కలుపుటకు మనిషిని నిలుపువారు దొరకరు. ఇథియోపియాలోను, కెన్యాలోను ఇట్టి కథలే వినవచ్చినవి. కెన్యాలోని నకూరు క్రైస్తవ సంఘమువారు పటికతో గాక, పశువుల ఎముకలను కాల్చిన బొగ్గుతో నీటిని వడియకట్టు దారి పట్టిరి. అచ్చట అది సాగినది. మనయిండ్లలో ఎముకల బొగ్గున వడిసిన నీటిని ఎవడు త్రాగును? ఒక దేశపు ఔషధము ఇంకొక దేశపు ఆచారమువద్ద ఆగును. ఆచారమును మూఢత్వమని కసరక, దానిని అడిగి తెలిసికొని పని చేయువాడే నిజమైన సహకారి.

సహకారము సదుద్దేశముతో వచ్చియు చిక్కు తెచ్చిన సందర్భమును కూడ దాచరాదు. దిగుడుబావులలో కాలుపెట్టి నీరు ముంచుకొనుటవలన నారికురుపు వ్యాపించుచుండెడిది, చెరువునీటివలన వాంతిభేదులు. అందుకై యూనిసెఫ్ సంస్థ 1960ల కరవునాటినుండి గట్టిరాతిని తొలుచు యంత్రములను మన దేశమునకు తెచ్చి బోర్లు వేయించినది. మదరాసు ఇంజనీర్లతో కలిసి ఇండియా మార్క్ టూ అను చేతిపంపును రూపొందించినది. మన పల్లెలలో బోరింగు అని పిలుచునది అదే. అదియు తరువాత ఆఫ్రికాకు పోయినది. నారికురుపు దేశమునుండియే తొలగిపోయినది. 2000 సంవత్సరములో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మేరకు ధ్రువపత్రమిచ్చినది. ఇది సామాన్య విజయము కాదు. కాని రాతిలో లోతుకు పోయినకొలది మన సీమలో ఫ్లోరైడు పలకరించినది. పురుగు పోయిన నీటిలో లవణము మిగిలినది. బోరు వేసినవానిని తిట్టుట కృతఘ్నత. వేసిన బోరునీటిని పరీక్షింపక త్రాగించుట మాత్రము దోషమే.

మన దేశపు సంస్థలు, పైదేశముల శాస్త్రజ్ఞులు ఇంత చేసినను, చివరకు మన ప్రజలు తమ గొంతు తామే ఎత్తవలసి వచ్చినది. మోతె మండలము రాఘవాపురమునకు చెందిన దుశ్చర్ల సత్యనారాయణ జలసాధన సమితిని స్థాపించి కృష్ణానీటికై ఊరూర తిరిగెను. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు కాగితము కాగితముగా మిగులక పుస్తకమైనది. పోలింగు వాయిదా పడినది. అప్పటికి ధరావతు 500 రూపాయలే. ఆ యేడే పార్లమెంటు దానిని 10,000 రూపాయలకు పెంచినది. గెలిచినది సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. కాని ఓడిన వందలమందిలో చాలమంది గెలువవలెనని నిలిచినవారు కారు, తమ నీటిని దేశము చూడవలెనని నిలిచినవారు. ఢిల్లీ దానిని చూచినది. పైపు మాత్రము వెంటనే రాలేదు. 2015 జూన్ 8న చౌటుప్పలలో శిలాఫలకము వేయబడిన మిషన్ భగీరథ పథకము, కృష్ణానీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా ఆ పల్లెలకు చేర్చుట మొదలుపెట్టుసరికి, దావర్ వ్యాసమునకు డెబ్బదియేండ్లు నిండినవి.

అయినచో పటిక బకెట్టు వ్యర్థమా? కాదని నా అభిప్రాయము. నది అందినవానికి నదియే మందు. నది అందనివానికి, అందువరకు, బకెట్టే మందు. మేరు పర్వతము క్రింద నాగార్జునసాగరము లేదు.

ఈ బదులు పనిలో మిర్యాలగూడ మిల్లర్లు, కోదాడ రైతులు వినదగిన ఇంకొక ముచ్చట కలదు. మన కాలువకు నీరు వచ్చిన కాలముననే, ఫిలిప్పీన్సులోని లాస్ బాన్యోస్‌లో 1960లో వెలసిన అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్ 8 వంగడము తెలుగునేలమీద అడుగుపెట్టినది. ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అను రైతు దానిని విరివిగా పండించి చూపెను. ఇండోనేసియా వంగడమునకును, తైవాను పొట్టిరకమునకును పుట్టిన సంకరము అది. పిమ్మట ఆ సంస్థలోనే పుట్టిన ఐఆర్ 64ను మారుటేరు వరి పరిశోధనకేంద్రపు శాస్త్రజ్ఞులు మన కృష్ణవేణి రకముతో కలిపి 1010 రకమును తీసిరి. దానిని మన ఆయకట్టులో ఎరుగనివారు లేరు. 2025 మార్చి నెలాఖరున కాకినాడ రేవునుండి తెలంగాణ బియ్యము, ఆ 1010 రకమే, 12,500 టన్నులు ఓడకెక్కి ఫిలిప్పీన్సుకు బయలుదేరినది. అటునుండి గింజ వచ్చినది, ఇటునుండి అన్నము పోయినది. ఊరక కాదు, ధర కట్టియే పోయినది. బదులు పనిలో అది తప్పు గాదు.

శ్రోతలారా, ముగించుటకుముందు ఒక విన్నపము. మన యిండ్లకు ఇప్పుడు కృష్ణానీరు వచ్చుచున్నది. గొట్టము పగిలినదనియో, మోటారు కాలినదనియో ఏడాదిలో కొన్ని దినములు రాదు. ఆ దినములలో పెరటిలోని పాత బోరు మనకు జ్ఞాపకము వచ్చును. తేటగా, చల్లగా నీరు పడును. మూతితెరచిన బిందె ఎదుటనే యుండును. బట్టలకు వాడుకొనుడు, వాకిలి చల్లుకొనుడు. త్రాగుటకు, ముఖ్యముగా క్రొత్తపళ్లు చిగుళ్లలోపల రూపుకట్టుచున్న చిన్నపిల్లలకు ఇచ్చుటకు, ముందు ఒక శుభ్రమైన సీసాలో ఆ నీటిని పట్టి, గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి, ఫ్లోరైడు ఎంతయని అడుగుడు. అంకె 1.5 దాటినచో ఆ బోరు నల్లామీద ఎఱ్ఱరంగు పూయుడు. చదువురానివారికి కూడ తెలియును.